మాయమైన సున్నపు గింజ

సూరత్‌లో ఒక ధర్మాసుపత్రిలో ముప్పై ఏళ్ళకు పైగా ఎక్స్‌రే టెక్నీషియన్‌గా పనిచేశాను. చివరి పదిహేనేళ్ళూ ఆడవాళ్ళ రొమ్ములకు ఎక్స్‌రే తీసే మామోగ్రఫీ గదిలోనే గడిచాయి. నా పేరు సరోజ. ఆసుపత్రిలో అందరికీ సరోజ్ బెన్‌ని, ఇక్కడికి బతకొచ్చిన మన తెలుగువాళ్ళకు సరోజక్కను. ఈ మధ్య మనవాళ్ళుండే గోడాదరా పేట పిల్ల ఒకతె ఎక్స్‌రే కోర్సు పూర్తి చేసి, ఉద్యోగంలో చేరే ముందు నా దగ్గరికొచ్చి, "ఆంటీ, జర టిప్స్ చెప్పున్రి" అని అడిగింది. మిషన్ నడపడం కంపెనీవాళ్ళే వచ్చి నేర్పుతారు. రేడియేషన్ లెక్కలు పుస్తకంలో ఉంటాయి. వాళ్ళెవరూ నేర్పనిది ఒకటుంది, అనుమానించడం. ఆ పిల్ల కోసమే ఇది రాస్తున్నాను.

నాది పుట్టుకతోనే అనుమానపు బుద్ధి. కూరగాయలవాడి తక్కెడను నమ్మను, గ్యాస్ సిలిండర్ సీలును నమ్మను, "దారిలోనే ఉన్నా" అని ఫోన్లో చెప్పే మా ఆయనను అసలే నమ్మను. ఇంట్లో దీనికి నాకు తిట్లే వచ్చాయి. ఆ గదిలో మాత్రం ఇదే నన్ను నిలబెట్టింది. అయినా ఒక్కచోట, ఒక్కసారి, నా అనుమానాన్ని నేనే నోరు మూసుకోమన్నాను. దాని ఫలితం ఒక ఆడమనిషి ప్రాణం మీదికొచ్చింది. ప్రమోషన్లూ సన్మానాలూ వదిలేసి ఆ సంగతే చెబుతాను.

జరీ చుక్కలు

నాకు పని నేర్పింది నళినీ మేడమ్. గుజరాతీ ఆవిడ, పెద్ద డాక్టరు, ఫిల్ములు చదివి రిపోర్టు రాసేది. మనిషి కోపిష్టి. ఫిల్మ్ కొంచెం వంకరగా వస్తే చేతిలోని పెన్ను బల్ల మీద కొట్టేది. మేమంతా ఆవిడకు భయపడేవాళ్ళం, నేను కొంచెం ఎక్కువ భయపడేదాన్ని.

నేను ఆ గదిలోకి కొత్తగా వెళ్ళిన రోజుల్లో జరీ పని చేసే ఒకామె వచ్చింది. ఫిల్మ్ తీస్తే కుడి రొమ్ములో తెల్లటి సన్న చుక్కలు గుంపుగా కనిపించాయి. అలాంటి చుక్కలు కొన్నిసార్లు క్యాన్సర్‌కు తొలి గుర్తు. బయట ఆమె కూతురు కూర్చుని ఉంది. ఆ పిల్లతో ఏమని చెప్పాలా అని నేను ముఖం సర్దుకుంటుంటే నళినీ మేడమ్ నా చెవి దగ్గరికొచ్చి, "ఆమె ఏం పని చేస్తుంది?" అని హిందీలో అడిగింది.

"జరీ, మేడమ్."

"సబ్బుతో కడిగించు. తుడిపించు. మళ్ళీ తియ్యి."

కడిగించి తీశాను. చుక్కలు లేవు. చర్మానికి అంటుకున్న జరీ పొడి అది. ఒంటికి రాసుకునే పౌడర్, చంకల్లో పూసుకునే సెంటు కూడా ఇలాంటి మోసమే చేస్తాయని తర్వాత తెలిసింది. అందుకే పరీక్ష రోజున ఏమీ రాసుకుని రావద్దంటాం. నేను ఊపిరి పీల్చుకుని నవ్వుతూ ఉంటే మేడమ్ నవ్వలేదు. "సరోజ్, చుక్క కనబడితే ఒకసారి అనుమానించు. మాయమైతే రెండుసార్లు అనుమానించు. ఇప్పుడు ఎందుకు పోయిందో మనకు తెలుసు, కాబట్టి సరే. ఎందుకు పోయిందో తెలియకుండా ఏదైనా పోతే సంతోషపడకు" అంది.

ఆ మాట నాకు అప్పుడు సగమే అర్థమైంది. మిగతా సగం కరోనా ఏడాదిలో అర్థమైంది. అప్పటికి ఆవిడ రిటైరై చాలా ఏళ్ళయింది.

రిపోర్టు చివర ఉండే నంబర్

రిపోర్టు చేతికి రాగానే మనవాళ్ళు చేసే మొదటి పని భయపడటం. రెండో పని దాన్ని బీరువాలో బట్టల కింద పెట్టడం. రెండూ తప్పే. ఫిల్ములో తేడా కనబడిందంటే క్యాన్సర్ అని కాదు. ఇంకో కోణంలో తియ్యాలి, లేదంటే స్కానింగ్ చెయ్యాలి, లేదంటే పాత ఫిల్ముతో పోల్చాలి అని అర్థం. మళ్ళీ పిలిచిన వాళ్ళలో చాలామంది నవ్వుకుంటూ ఇంటికి పోయినవాళ్ళే.

రిపోర్టు చివర ఒక నంబర్ ఉంటుంది. ఒకటీ, రెండూ అయితే భయం లేదు. నాలుగూ, ఐదూ అయితే సూదితో ముక్క తీసి పరీక్షకు పంపాలి. సున్నా అయితే పరీక్ష ఇంకా పూర్తి కాలేదని. ఈ అన్నింటిలో నాకు ఎప్పుడూ నచ్చనిది మూడు. మూడు అంటే "బహుశా ఏమీ కాదు, కానీ ఆరు నెలలకు మళ్ళీ చూద్దాం" అని. అది మంచి నంబరే, తప్పు పట్టడానికి లేదు. అనవసరంగా సూది గుచ్చకుండా కాపాడుతుంది. కానీ అందులో మొదటి సగం మాత్రమే మనుషుల చెవికెక్కుతుంది. "ఏమీ కాదంట" అని ఇంటికెళ్ళి చెబుతారు. ఆరు నెలలు ఎవరికీ గుర్తుండవు.

ఆరు నెలల తర్వాత వచ్చినా, మనం చూసేది ఆ రోజు తీసిన ఫిల్మును కాదు. రెండు ఫిల్ముల మధ్య తేడాను. పాతది పక్కన లేకపోతే కొత్తది సగం గుడ్డిది. ఇంతకన్నా పెద్ద పాఠం ఆ గదిలో లేదు.

మిల్లు కార్డు

ఇప్పుడు నా తప్పు.

గోడాదరా, వడోద్, జోల్వా అంతటా మనవాళ్ళే. కరీంనగర్, సిరిసిల్ల దిక్కునుంచి వచ్చి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బతుకుతున్నవాళ్ళు. సాంచాల ఖాతాలో, అంటే మగ్గాల షెడ్డులో పనిచేసేవాళ్ళకు పగారు, అదే జీతం, తప్ప ఇంకేమీ ఉండదు. పెద్ద మిల్లులో కుదిరిన వాళ్ళకు మాత్రం వైద్యం కార్డు ఒకటి ఉంటుంది. దాని మీద ఆ మనిషికీ, పెళ్ళానికీ, పిల్లలకూ పరీక్షలు ఉచితం. ఒక ఇంట్లో అన్నకు మిల్లు, తమ్ముడికి సాంచా అయితే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. అన్న పెళ్ళాం కార్డు మీద తమ్ముడి పెళ్ళాం వస్తుంది, అత్త వస్తుంది, పక్కింటామె కూడా వస్తుంది. ఇది నాకు తెలుసు. మా ఆసుపత్రిలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. గుజరాతీ ఆడవాళ్ళ ఆధార్‌ను తిప్పి తిప్పి చూసే నేను, మనవాళ్ళ కార్డు మీదికి కళ్ళెత్తేదాన్ని కాదు. పోనీలే పాపం, ఎవరి సొమ్ము పోయిందని, అనుకునేదాన్ని.

లాక్‌డౌన్‌కు ముందు జనవరిలో ఒకామె వచ్చింది. కార్డు మీద పేరు శ్యామల, వయసు నలభై ఐదు, ఇల్లు గోడాదరా. తలుపు దగ్గర నిలబడి "శ్యామలా" అని పిలిచాను. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచాను. మూడోసారి పిలిచాక మూలన కూర్చున్న సన్నటి మనిషి ఉలిక్కిపడి లేచింది. నలభై కూడా ఉండవు. చేతివేళ్ళకు నూలు కోసిన గీతలున్నాయి, కండెలు చుట్టే చేతులు. నా అనుమానం వెంటనే లేచి కూర్చుంది. నేను దాన్ని పడుకోబెట్టాను.

"మొదటిసారా చెల్లె?" అన్నాను.

"అవునక్కా. కుడి దిక్కు జర గట్టిగ తాకుతుంది. నొస్తదా?"

"జర ఒత్తుతది. అర నిమిషం ఓర్చుకో. గడ్డం గిట్ల పక్కకు తిప్పు."

నాలుగు ఫిల్ములు తీశాను. కుడి రొమ్ములో శనగగింజంత గడ్డ, అంచులు నున్నగా ఉన్నాయి. స్కానింగ్ కూడా చేశారు. డాక్టరు మూడో నంబర్ ఇచ్చాడు, ఆరు నెలలకు రమ్మన్నాడు. ఎడమ రొమ్ములో కింద ఒక సున్నపు గింజ ఉంది. ఎప్పుడో ఉన్న మామూలు గడ్డ ఎండిపోయి సున్నంలా గట్టిపడితే అలా ముద్దగా తెల్లగా కనిపిస్తుంది. దానివల్ల ప్రమాదమేమీ లేదు. రిపోర్టులో అది ఒక వరుస.

ఆ మనిషి శ్యామల కాదని నాకు ఆ రోజే తెలుసు. తెలిసీ శ్యామల పేరు మీదే ఫిల్ములు దాచాను.

దీపావళి తర్వాత వచ్చిన ఆమె

మార్చిలో అంతా మూతపడింది. సాంచాలు ఆగిపోయాయి. మనవాళ్ళు లారీలెక్కారు, రైళ్ళెక్కారు, కొందరు నడిచారు. మా ఆసుపత్రిలో సగం కరోనా వార్డు అయింది. నా గదికి తాళం పడింది, నన్ను ఛాతీ ఎక్స్‌రేలు తియ్యమని కింద అంతస్తుకు పంపారు. జూలైలో రావలసిన శ్యామల రాలేదు. ఆమె ఒక్కతే కాదు, ఎవరూ రాలేదు. అప్పుడు దగ్గునూ జ్వరాన్నీ తప్ప మరే జబ్బునూ ఎవరూ జబ్బు అనుకోలేదు.

అక్టోబరులో గది తాళం తీశారు. నేను పాత జాబితా పట్టుకుని ఒక్కొక్కరికీ ఫోన్లు చేయించాను. శ్యామల నంబరుకు నాలుగుసార్లు చేయించాను. దీపావళి వెళ్ళాక వచ్చింది. మాస్కు, దాని మీద చీర కొంగు. నాకు మాస్కు, ప్లాస్టిక్ అద్దం, తలకు టోపీ. ఒకరి ముఖం ఒకరికి కనబడే వీలే లేదు. అయితే ఒకటి మారింది. కరోనా వల్ల లోపలికి వచ్చే ప్రతి మనిషినీ రాసుకోవాలని గేటు దగ్గర వాచ్‌మన్ ఇప్పుడు మాస్కు తీయించి కార్డు మీది ఫొటోతో ముఖం సరిచూస్తున్నాడు.

"శ్యామలా" అని పిలిచాను. మొదటి పిలుపుకే లేచింది.

మిషన్ ముందు నిలబెట్టాను. తిన్నగా నిలబడి, ముఖం మిషన్‌కు ఆనించి, "ఏం జేస్తరక్కా గిప్పుడు? షాక్ గిట్ల కొడుతదా?" అంది.

ఒకసారి ఆ మిషన్లో నలిగినామె ఆ ప్రశ్న అడగదు. గడ్డం ఎటు తిప్పాలో ఆమె ఒంటికే గుర్తుంటుంది. నాకు చురుక్కుమంది. కానీ బయట దూరం దూరంగా కుర్చీలు వేసి కూర్చున్న వాళ్ళున్నారు, ఒక్కొక్కరు పోయాక మిషన్ తుడవాలి. తీసి పంపించేశాను.

రిపోర్టు రాసింది హర్ష్ సార్, కుర్ర డాక్టరు. అప్పుడు ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో చదివేవాడు. నెలల తరబడి పేరుకుపోయిన ఫిల్ములు. ఆయన రాసింది రెండే వరుసలు. కుడివైపు పాత గడ్డ ఇప్పుడు కనబడటం లేదు. నంబర్ రెండు, ఏడాదికి రావాలి. రిపోర్టు శ్యామల ఫోనుకు వెళ్ళిపోయింది కూడా.

నేను దాన్ని ఫైల్లో పెట్టబోతూ ఆగాను. ఎందుకు పోయిందో తెలియకుండా పోయింది. జనవరి ఫిల్ములూ నవంబరు ఫిల్ములూ తెర మీద పక్కపక్కన పెట్టాను. కుడివైపు చూడలేదు. ఎడమవైపు, కింద చూశాను.

సున్నపు గింజ లేదు.

నీటితిత్తి అయితే కరిగిపోవచ్చు. వాపు తగ్గిపోవచ్చు. ఆ గట్టి సున్నం మాత్రం పది నెలల్లో జాడ లేకుండా కరగదు. నళినీ మేడమ్ ఉంటే పెన్ను బల్ల మీద కొట్టి ఉండేది. నేను హర్ష్ సార్‌కు ఫోన్ చేశాను.

"బెన్, మళ్ళీ ఏమైంది? ఇంకా చాలా ఉన్నాయి నాకు" అన్నాడు విసుగ్గా.

"సార్, గడ్డ సంగతి వదిలెయ్యండి. ఎడమవైపు ఒక్కసారి చూడండి. రెండూ పక్కన పెట్టి."

అటునుంచి మౌస్ నొక్కిన చప్పుడు వినబడింది. తర్వాత గొంతు మారిపోయింది. "బెన్, ఈ గింజ ఎటుపోయింది?"

"ఎటూ పోలేదు సార్. ఇంకో మనిషిలో ఉంది."

గోడాదరా

ఆదివారం ఉదయం ఫైల్లో ఉన్న అడ్రసుకు నేనే పోయాను. అలా వెళ్ళకూడదు, రూలు ఒప్పుకోదు. ఆఫీసు తరఫున ఉత్తరం పంపాలి. ఉత్తరం పంపితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ ఇంటి తలుపులు మూసుకుంటాయి, ఆ సన్నటి మనిషి ఎక్కడుందో ఎవరికీ తెలియకుండా పోతుంది.

ఒకే గది, మధ్యలో చీర కట్టి రెండు చేశారు. శ్యామలా, ఆమె భర్త నర్సయ్యా ఉన్నారు. ఆసుపత్రి నుంచి అనగానే నర్సయ్య కుర్చీ తుడిచి వేశాడు కానీ కళ్ళు మాత్రం తలుపు వైపే ఉన్నాయి. శ్యామల చాయ పెట్టింది. నేను ఆమె చేతుల వైపు చూశాను. నూలు గీతలు లేవు.

"జనవరిల వచ్చింది ఎవలు?" అన్నాను.

"నేనేనక్కా."

"నువ్వైతే ఆ దినం ఎన్నిసార్లు పిలిస్తే లేచినవ్?"

శ్యామల భర్త వైపు చూసింది. నర్సయ్య అందుకున్నాడు. "గన్ని దినాలైనంక యాదికుంటదా బెన్? రిపోర్ట్ మంచిగనే వచ్చింది గద. ఇగ ఏం పరేషాన్?"

"రిపోర్ట్ ఈమెకు మంచిగొచ్చింది. గడ్డ ఉన్నది ఇంకొకామెకు."

అతని ముఖం రాయి అయిపోయింది. నేను మిల్లు పంపిన మనిషినని అనుకున్నాడు. లాక్‌డౌన్ అయ్యాక మిల్లులో సగం మందిని మళ్ళీ పిలవలేదట, చిన్న సాకు దొరికితే చాలు తీసేస్తున్నారట. కార్డు సంగతి బయటపడితే తనకూ అదే గతి అని అతని భయం. ఆ భయాన్ని నేను తప్పు పట్టలేను. కానీ ఆ రోజు నాకు జాలి కన్నా కోపమే ఎక్కువ వచ్చింది.

"తమ్మీ, నీ కార్డు గురించి రాలే నేను. ఒక ఆడిది గడ్డ పెట్టుకొని ఎక్కడనో తిరుగుతుంది, నీ పెండ్లాం రిపోర్ట్ చూసి తనకు తక్కువైందనుకుంటుంది. రేపు ఆమెకు ఏమన్న అయితే ఈ చాయ నీకు గొంతు దిగుతదా?"

శ్యామలే మొదట ఏడ్చింది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మా తోటికోడలక్కా. భాగ్య. నా మరిది రాజేశం భార్య" అంది. "గేటు కాడ ఫొటో సూస్తున్నరని అందరన్నరు. భాగ్య పోతే పట్టుకుంటరు, గన్ని ఫోన్లొచ్చినంక పోకపోతే కార్డు బందయితదని ఈయన భయం. పేరు నాదే గద, నువ్వే పోయిరా అన్నడు. నేను పోయిన. రిపోర్ట్ మంచిగొచ్చిందని నా మరిదికి ఫోన్ల జెప్పినం. గాయన మస్తు సంబురపడ్డడు."

ఆ ఇంటివాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. వాళ్ళ లెక్క ప్రకారం ఆసుపత్రి శ్యామలను పిలిచింది, శ్యామల వెళ్ళింది, శ్యామలకు బాగైపోయింది. జబ్బు కూడా కార్డు మీద రాసి ఉన్న పేరును బట్టే నడుస్తుందని వాళ్ళు నిజంగా నమ్మాలనుకున్నారు. ఆ పేరు మీద ఫిల్మ్ దాచింది మాత్రం నేను.

జోల్వా

భాగ్య జోల్వాలో ఉంది. సాంచాలు మళ్ళీ మొదలయ్యాక సేఠ్ ఖాతా వెనకే గది ఇచ్చాడు. భర్త సాంచా నడుపుతాడు, ఆమె కండెలు చుడుతుంది. శ్యామలను వెంటబెట్టుకుని షేర్ ఆటోలో అప్పుడే బయలుదేరాను.

సాంచాల చప్పుడులో మాట వినబడదు. భాగ్య నన్ను చూడగానే గుర్తుపట్టింది, మాస్కు ఉన్నా. పని ఆపి బయటికొచ్చింది. వెనక గోడ దగ్గర ముగ్గురం నిలబడ్డాం. నేను సంగతి మెల్లగా చెప్పబోయాను. ఆమె నన్ను చెప్పనివ్వలేదు.

"నాకెర్కనే అక్కా" అంది.

"ఏమెర్క?"

"గది నా రిపోర్ట్ కాదని. శ్యామలక్క పరీక్షకు పోతే నాదెట్ల తక్కువైతది? నేను సదువుకోలే గని గంత తెల్వని దాన్నా? గడ్డ గాడనే ఉంది. జర పెద్దగైనట్టే అనిపిస్తుంది."

"మరి ఎందుకు చెప్పలే?"

ఆమె లోపల సాంచా నడుపుతున్న రాజేశం వైపు చూసింది. "లాక్‌డౌన్ల మా అత్త పాయె. నాలుగు నెలలు పని లేకపాయె. గీ రిపోర్ట్ ఒక్కటే మంచిగొచ్చింది మా ఇంట్ల. గాయన ఆ దినం కొబ్బరికాయ గొట్టిండు, పిల్లలకు తిననీకి ఖమన్ కొన్కొచ్చిండు. అందరు నవ్వుతున్నరు. నేనెట్ల చెప్పాలె?"

శ్యామల అక్కడే గోడకు ఆనుకుని కూలబడిపోయింది. భాగ్యే వంగి ఆమె చెయ్యి పట్టుకుని లేపింది. నేను చాలా జబ్బులు చూశాను, చాలా ఏడుపులు చూశాను. ఆ రోజు మాత్రం మాస్కు ఉన్నందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. నా ముఖం ఎలా ఉందో వాళ్ళకు కనబడలేదు.

నేను రాసిచ్చిన కాగితం

భాగ్యను ఆమె సొంత పేరు మీద పరీక్ష చేయించడం కష్టం కాదు. ధర్మాసుపత్రి, డబ్బు లేనివాళ్ళకు దారి ఉంది. ఆ సంగతి జనవరిలోనే ఆమెకు నేను చెప్పి ఉండాల్సింది. చిక్కంతా పాత ఫిల్ములతో. అవి శ్యామల పేరు మీద ఉన్నాయి. అవి పక్కన లేకపోతే ఆ గడ్డ ఎంత పెరిగిందో ఏ డాక్టరూ చెప్పలేడు. ఫిల్ములు ఒక పేరు నుంచి ఇంకో పేరుకు మార్చాలంటే ఎవరో ఒకరు ఎందుకు మార్చాలో రాసివ్వాలి.

నేను రాసిచ్చాను. వచ్చిన మనిషి వయసుకూ కార్డు మీది వయసుకూ పొంతన లేదని చూశాననీ, పేరు పిలిస్తే పలకలేదని గమనించాననీ, అయినా అడగలేదనీ రాశాను. గుర్తింపు సరిచూడవలసిన బాధ్యత నాది, చెయ్యలేదు అని రాసి సంతకం పెట్టాను. రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉంది.

మేనేజర్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి నన్నే అనుమానంగా చూశాడు. "ఎవరినైనా కాపాడుతున్నావా బెన్?" అన్నాడు. "లేదు సార్. ఇన్నాళ్ళూ నన్ను నేనే కాపాడుకున్నా" అన్నాను. మెమో ఇచ్చారు. కార్డు సంగతి ఆయన మిల్లు దాకా పోనివ్వలేదు. దయతోనా, గేటు దగ్గర ఆసుపత్రి చేసిన నిర్లక్ష్యం బయటపడుతుందన్న భయంతోనా అని ఇప్పటికీ నాకు అనుమానమే. హర్ష్ సార్ తన రిపోర్టు వెనక్కి తీసుకుని కొత్తది రాశాడు. ఆ తర్వాత ఆయన పాత ఫిల్మ్ తెరవకుండా ఒక్క రిపోర్టూ రాయలేదు. అందుకు ఆయనంటే నాకు గౌరవం.

భాగ్య గడ్డ పెరిగింది. అంచులు నున్నగా లేవు. ఈసారి నాలుగో నంబర్ వచ్చింది. సూదితో ముక్క తీశారు. క్యాన్సరే. చంకలోకి పాకలేదు. ఆపరేషన్ చేశారు, తర్వాత మందులూ, మనవాళ్ళు కరెంటు అనే రేడియేషనూ. జుట్టు రాలింది. రాజేశం నెల రోజులు అన్నతో మాట్లాడలేదు, తర్వాత మాట్లాడాడు. జూలైలోనే ఆమె వచ్చి ఉంటే ఇంకా చిన్నదిగా ఉండగానే దొరికేదేమో. ఈ "ఏమో" నాతోనే ఉంటుంది.

కొత్తగా చేరే పిల్లకు ఇంకో మాట. మరుసటి ఏడాది టీకాలు మొదలయ్యాక చంకలో బిళ్ళలతో ఆడవాళ్ళు వణుకుతూ వచ్చారు. ఏ చేతికి టీకా వేయించుకున్నారో, ఎన్నాళ్ళయిందో అడిగి రాస్తే సగం భయం అక్కడే తేలిపోయేది. ఆ బిళ్ళల్లో చాలావరకు టీకా వల్ల వచ్చి పోయినవే. కానీ "టీకా వల్లే" అని నువ్వు తీర్పు చెప్పకు. మళ్ళీ రమ్మను, పోయిందో లేదో చూడు. పేరు అడుగు, వయసు అడుగు, పాత ఫిల్మ్ ఎక్కడుందో అడుగు. నీ వాళ్ళు అనుకున్నవాళ్ళను ఇంకొక్క ప్రశ్న ఎక్కువ అడుగు. నీ అనుమానం వాళ్ళకు అవమానం అనుకుంటావు. నేనూ అలాగే అనుకున్నాను.

భాగ్యా

నా ఉద్యోగం ఇంకో నెలలో ముగుస్తుందనగా ఏడాది పరీక్షకు భాగ్య వచ్చింది. శ్యామల తోడుగా వచ్చింది. జాబితాలో పేరు చూడగానే ఆమె పాత ఫిల్ములు ముందే తీసి పెట్టుకున్నాను. మళ్ళీ ఏదైనా కనబడితే ఆ మాట చెప్పే ఓపిక నాకు లేదు.

తలుపు దగ్గర నిలబడి "భాగ్యా" అన్నాను. పిలుపు పూర్తికాకముందే లేచి నిలబడింది. జుట్టు మళ్ళీ వచ్చింది, పొట్టిగా, ఉంగరాలుగా.

లోపలికి రాగానే కాగితం తీసుకుని, "పేరేంది?" అన్నాను.

"అక్కా!"

"చెప్పు. పేరేంది? వయసెంత? పెనిమిటి పేరేంది? ఏ దిక్కు ఆపరేషన్ అయింది?"

అన్నీ చెప్పింది. చెబుతూ నవ్వింది. "గింత అయినంక గూడ నా మీద అనుమానమేనా?"

"నీ మీద కాదు. నా మీద."

మిషన్ ముందుకొచ్చి, నేను చెప్పకుండానే గడ్డం పక్కకు తిప్పుకుంది. కుడివైపు తీశాను, ఎడమవైపు తీశాను. ఫిల్ములు తెర మీదికి వచ్చాయి. కుడివైపు చూడటానికి ధైర్యం చాలక ముందు ఎడమవైపు తెరిచాను. కింద, ఉన్నచోటే, అంతే పరిమాణంలో సున్నపు గింజ ఉంది. ఈమె ఈమే. అప్పుడు కుడివైపు తెరిచి, పాత ఫిల్మ్ పక్కన పెట్టి, మూలమూలా వెతికాను. ఆపరేషన్ మచ్చ తప్ప నాకేమీ కనబడలేదు. తీర్పు డాక్టరుది, నాది కాదు. అయినా ఇంకోసారి వెతికాను.

"ఏమన్న ఉన్నదా అక్కా?" అంది భాగ్య, జాకెట్ ఒళ్ళో పట్టుకుని.

"సార్ చెప్తడు. నువ్వు రెండు గంటలు గాడ కూసో, రిపోర్ట్ చేతికి తీసుకొనే పో" అన్నాను. "దాని మీద నీ పేరు నువ్వే సదివి చూసుకో."

"నాకు సదువు రాదక్కా."

బయట శ్యామల ఉంది. ఆమెకు కొంచెం చదువొచ్చు. రెండు గంటల తర్వాత ఆమె రిపోర్టు అందుకుని, చివర ఉన్న నంబరు వైపు చూడకుండా, పైన ఉన్న పేరు మీద వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ గట్టిగా చదివింది. భాగ్య అని వచ్చాకే కిందికి చూసింది.